వాగ్దాన కార్డు గారికి బహిరంగ లేఖ

ప్రభువునందు ప్రియమైన వాగ్దాన కార్డు గారికి,

వందనములు. కొత్త ఏడాదికి ఒక్కొక్కరికీ ఒక్కో బైబిలు వాగ్దానం మోసుకుని, డిసెంబరు 31 రాత్రి చర్చిలో ఆరాధన ముగిసీ ముగియగానే పళ్లెంలో కూర్చుని వేంచేస్తారు. చూస్తే విజిటింగ్ కార్డంత మనిషి. అందులో సగం పాస్టర్ గారి ఫొటో, పావు వంతు సూర్యోదయం. ఆరాధన వేళలు, ఫోన్ నంబరు పోగా మిగిలిన జాగాలో దేవుని వాక్యం సర్దుకోవాలి. కళ్లు మూసుకుని ప్రార్థించి తీసినవాళ్లే కళ్లు తెరిచాక "నీకేమొచ్చింది?" అని పక్కవాళ్లది చూసి, కుదిరితే మార్చుకుంటారు. దేవుడే ఎంచి ఇచ్చినదాన్ని మార్చుకోవడమేమిటని మీరు ఏనాడూ అడగలేదు. మీ మంచితనం అలాంటిది!

వంశం మాత్రం గొప్పదే. జర్మనీలోని హెర్న్‌హట్‌లో మొరేవియన్లనే ప్రొటెస్టెంటు శాఖ విశ్వాసులు 1728లో రోజుకొక వాక్యం ఇచ్చుకోవడం మొదలుపెట్టి, 1731 నుంచి అచ్చు వేస్తున్నారు. వాళ్లదీ చీటీ పద్ధతే. కాకపోతే ఆ వాక్యం ఆ రోజు ఎలా నడుచుకోవాలో చెప్పేది. మీ చేతికొచ్చాక ఈ ఏడు ఏం కలిసొస్తుందో చెప్పడం మొదలుపెట్టింది.

మీకు ప్రాణం యిర్మీయా 29:11. బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." దానికి సరిగ్గా పైనున్న పదో వచనం మీ మీద ఎప్పుడైనా ఎక్కిందా? ఇదంతా బబులోనుకు 70 ఏళ్లు నిండాకే అంటుందది. ఆ ఉత్తరం అందుకున్న పెద్దల్లో చాలామందికి స్వదేశం మళ్లీ కంటపడదన్నమాట. అందుకే ఐదో వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అన్నాడు. దానికి ముందు అధ్యాయంలో మీ అసలు పూర్వీకుడు, అబద్ధ ప్రవక్త హనన్యా ఉన్నాడు. రెండేళ్లలో మందిరపు పాత్రలతో సహా అందరూ తిరిగొస్తారని, బబులోను దాస్యానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని విరగ్గొట్టి మరీ ప్రకటించాడు. అది నమ్మడానికి చెవులుంటే చాలు. 70 ఏళ్ల మాట విని పరాయి నేలలో తోట వేయాలంటే, ఆ మాట అన్నవాడికి తనను తాను అప్పగించుకోవాలి. అంత ఓపిక మీ పళ్లెంలో పట్టదు లెండి.

దేవుడు నిన్ను తోకగా కాక తలగా నియమిస్తాడనే ద్వితీయోపదేశకాండము 28:13లో "తలగా" అన్నంతవరకే మీకు కనిపిస్తుంది. ఆజ్ఞల ప్రకారం నడుచుకుంటేనే అన్న షరతు అదే వచనంలో ఉంది. షరతు తప్పినవాళ్ల తోక 44వ వచనంలో ఉంది. ఇక 91వ కీర్తన. దాన్ని ముక్కగా కత్తిరించి, దేవదూతలు పట్టుకుంటారు, మందిర శిఖరం మీంచి దూకమని యేసుకు వాగ్దానమంటూ చేతికిచ్చినవాడు మత్తయి 4:6లో అపవాది. యేసు ఆ వచనాన్ని అబద్ధమనలేదు. దూకనూ లేదు.

ఆగస్టు వచ్చేసరికి ఉద్యోగం రాదు, ఆస్పత్రి బిల్లు ఆగదు. అప్పుడు "నీకు విశ్వాసం చాలలేదమ్మా" అని రోగి మంచం పక్కన కూర్చుని చెప్పేవాళ్లుంటారు. తప్పు ఎప్పుడూ కార్డు తీసినవాళ్లదే. మీరేమో ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద క్షేమంగా ఉంటారు, డిసెంబరులో పదవీ విరమణ, లెక్కలడిగే నాథుడు లేడు.

ఈసారి ప్రెస్‌కు వెళ్లేటప్పుడు మా మనవి. దానియేలు 3:18లో ముగ్గురు యువకులు అగ్నిగుండం ముందు నిలబడి అన్న "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" ఒక నూరు కార్డులు వేయించండి. "లోకములో మీకు శ్రమ కలుగును" (యోహాను 16:33) మరో నూరు. అదీ వాగ్దానమే, పైగా తప్పకుండా నెరవేరేది. కిందనే "ధైర్యము తెచ్చుకొనుడి" కూడా పడాలి కాబట్టి సూర్యోదయాన్ని కాస్త కుదించండి. ఫొటో సంగతి మీరూ పాస్టర్ గారూ మాట్లాడుకోండి.

మార్చుకోవడాలు మాత్రం ఈసారి కుదరవని మైకులో ముందే చెప్పించండి.

ఇట్లు,
ఒక సంఘస్థుడు