సీటుంది కదండీ!

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండే ఒకాయన ఈమధ్య భద్రతాశాస్త్రంలో గొప్ప సూత్రం కనిపెట్టారు. కూర్చున్నవాడు పడడు. నిరూపించడానికి తన ఎనిమిదేళ్ల కొడుకుని ఎంచుకున్నారు.

నిరుడు పుట్టినరోజుకి వాడికి హోవర్‌బోర్డ్ కొన్నారు, అదే, రెండు పక్కలా రెండు చక్రాలుండి మీద నిలబడి తోలే బ్యాటరీ పలక. రెండుసార్లు పడి మోకాళ్లు చెక్కుకుపోయేసరికి వాళ్లమ్మ దాన్ని అటక ఎక్కించింది. ఈయన ఊరుకుంటేగా! దానికి తగిలించే సీటు తెప్పించారు. ఇనప చట్రం, ముందొక బుల్లి చక్రం, ఏ వైపు చక్రాన్ని ఆ వైపు నడపడానికి చెరో లివర్. ‘హెల్మెట్ ఏదండీ?’ అన్నాను. ‘సీటుంది కదండీ!’ అన్నారు, నా అజ్ఞానానికి జాలిపడుతూ.

నిజమే, సీటు దొరికినవాడు పడటమేమిటి? మన నాయకులు కూడా ఓట్లు లెక్కపెట్టే రోజు దాకా అలాగే అనుకుంటారు.

అసలీ బోర్డు మీద మనం ముందుకి వాలితే, వీడు పడిపోతున్నాడ్రోయ్ అని లోపలి గైరోస్కోపు, అంటే ఒరుగుడు పసిగట్టే పరికరం, కనిపెట్టి చక్రాల్ని మన కిందకి పరిగెత్తిస్తుంది. బోర్డు నడక అంటే సగంలో ఆగిన పడిపోవడం, అంతే. 2003లో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ ఇలాగే నిలబడి తోలే రెండు చక్రాల బండి సెగ్వే ఎక్కబోతే అది ముందుకి ఒరిగిపోయింది. కాళ్లు ఖాళీగా ఉన్నాయి కనక దాని మీంచి గెంతి నిలదొక్కుకున్నారు. మావాడికి ఆ గెంతు కూడా లేదు. కాళ్లు బారచాపి, చేతులు లివర్లకి అప్పగించి, నేలకి జానెడు ఎత్తున కొలువుతీరాడు.

పోయిన ఆదివారం వాడు ర్యాంపు మీంచి సెల్లార్లోకి దిగాడు. వెనకాలే వీడియో తీస్తూ నాన్నగారు. ‘వెనక్కి లాగరా! వెనక్కి!’ వాడు లాగాడు, ఒకటే లివర్. బండి బొంగరమైపోయింది. వాచ్‌మన్ బకెట్టు వదిలేసి దాని చుట్టూ ప్రదక్షిణ మొదలుపెట్టాడు, ఎటు పట్టుకోవాలో తెలీక. ఐదో అంతస్తు పిన్నిగారు ములక్కాడలు గుండెకి హత్తుకుని స్తంభం వెనక నక్కారు. నాన్నగారు మాత్రం ఫోను అడ్డంగా తిప్పారు, ఫ్రేములో అందరూ పట్టాలని.

అప్పుడే ఒక కారు రివర్స్‌లో వస్తోంది. ఆ ఎత్తున కూర్చున్న పిల్లాడు ఏ అద్దంలో కనిపిస్తాడు? వాచ్‌మన్ డిక్కీ మీద దబదబా బాదబట్టి ఆగింది. బంపరుకీ వాడి తలకీ మధ్య మూరెడు ఉంటుందేమో. నాకు కాళ్లు వణికాయి. ఆయన నావైపు తిరిగి, ‘చూశారా, సీట్లోంచి కదల్లేదు!’ అన్నారు.

కదల్లేదట! సీటుకి డబ్బులున్నాయి, పిల్లాడి తలకి హెల్మెట్ కొనడానికి లేవా? పైగా దాన్ని రాత్రంతా చార్జింగ్ పెట్టేది గుమ్మం పక్కన, చెప్పుల స్టాండు కింద. ఇంట్లోంచి బయటపడటానికి ఉన్న ఒక్క దారిలో! లిథియం బ్యాటరీలు అంటుకుంటున్నాయని 2016 జులైలో అమెరికాలో 5 లక్షల బోర్డులు వెనక్కి పిలిపించారు. మరుసటి ఏడు అక్కడే హారిస్‌బర్గ్ అనే ఊళ్లో చార్జింగ్‌లో ఉన్న బోర్డు అంటుకుని ఇల్లు తగలబడింది. చనిపోయింది చిన్నపిల్లలండీ. ఇది చెప్తే ‘మాది మంచి కంపెనీ’ అంటాడీ పెద్దమనిషి. ఏ కంపెనీ అంటే పేరు గుర్తులేదు!

అసోసియేషన్ మీటింగ్‌లో పెట్టాను. మూడు చక్రాలున్నాయి కనక పార్కింగ్ చార్జీ బైకుదా, కారుదా అని నలభై నిమిషాలు చర్చించారు. చివర్లో ఆయనే లేచి, పిల్లాడి భద్రత కంటే తనకేదీ ఎక్కువ కాదని, వాణ్ని సీటుకి కట్టేయడానికి బెల్టు కూడా ఆర్డర్ పెట్టానని ప్రకటించారు.

అందరూ చప్పట్లు కొట్టారు.