ఒకే కలెక్టరేట్‌లో రెండు ఫైళ్లు

మార్చి 31 ట్రాన్స్‌జెండర్ల విజిబిలిటీ డే. ఏప్రిల్ 2 ఆటిజం అవగాహన దినం. మధ్యలో ఉండేది ఒక్క రోజు. విశాఖలో ర్యాలీ అనగానే దేనికైనా బీచ్ రోడ్డే గుర్తొస్తుంది, కాళీమాత గుడి నుంచి వైఎంసీఏ దాకా ఎవరి బ్యానర్ వాళ్లు పట్టుకుని నడుస్తారు. కానీ ఒక బ్యానర్ కింద నడిచినవాళ్లు ఇంకో బ్యానర్ కింద కనిపించడం అరుదు. రెండూ తనవే అయిన మనిషి ఈ ఊళ్లో ఉండొచ్చని నిర్వాహకులకు తట్టదు. నిజం చెప్పాలంటే మా లాంటి పత్రికలకూ తట్టదు, రెండు ఫొటోలు వేసి ఊరుకుంటాం.

ఉంటారు, అదీ మనం అనుకునేదానికంటే ఎక్కువగానే. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 6 లక్షల మందికి పైగా వివరాలు పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ట్రాన్స్‌జెండర్, జెండర్ వైవిధ్యం ఉన్నవాళ్లలో ఆటిజం మిగతా వాళ్లకంటే మూడు నుంచి ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఒకటి రెండోదానికి కారణమని దీని అర్థం కాదు. ఆటిజం ఉన్నవాళ్ల మీద 'నలుగురూ ఏమనుకుంటారో' అన్న బరువు తక్కువగా పనిచేస్తుందేమో, అందుకే తామేంటో దాచకుండా చెప్పేస్తారేమో అని కొందరు పరిశోధకుల ఊహ. ఊహే అనుకోండి.

చెప్పాక ఏమవుతుందన్నదే అసలు సమస్య. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపుకి వెళ్తే "బాగానే మాట్లాడుతున్నావుగా, వైకల్యం ఎక్కడుంది?" అంటారు, 40 శాతం రాకపోతే దివ్యాంగుల పింఛను లేదు. అదే మనిషి జెండర్ మాట ఎత్తేసరికి "ఆటిజం కదా, నీకేం తెలుసు?" అంటారు. సాయం అడిగితే తెలివి ఎక్కువైపోతుంది, నిర్ణయం తీసుకుంటే తెలివి చాలదు! ఒకే తలకాయకి ఒకే వారంలో రెండు తీర్పులు.

ఈ తంతు ఇక్కడిదే కాదు. అమెరికాలోని అరిజోనాలో కేడెన్ క్లార్క్ అనే ట్రాన్స్ యువకుడు, ఆటిజం ఉందన్న కారణంతో తనకు హార్మోన్ చికిత్స అందడం లేదని వీడియోలో చెప్పుకున్నాడు. 2016 ఫిబ్రవరిలో తన ఇంట్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అదే ఏడాది అక్కడి ఆటిజం స్వీయ హక్కుల సంస్థ, ట్రాన్స్‌జెండర్ సమానత్వ సంస్థ, మరో ఎల్‌జీబీటీక్యూ సంస్థ కలిసి ఒక ప్రకటన ఇచ్చాయి. ఆటిజం ఉంది కాబట్టి తన జెండర్ తనకు తెలియదనడం చెల్లదని అందులో ఖండితంగా చెప్పాయి. రెండు ఉద్యమాలు ఒకే కాగితం మీద సంతకం పెట్టడానికి ఒక ప్రాణం పోవాల్సి వచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే ఈ రెండు వర్గాల గాయమూ ఒకే చోట మొదలైనట్టు కనిపిస్తుంది. ఆటిజం పిల్లలకు ఇవాళ ఊరూరా ఇస్తున్న ప్రవర్తనా చికిత్సకు మూలపురుషుల్లో ఒకడైన ఐవార్ లోవాస్, కాలిఫోర్నియా యూనివర్సిటీలో జార్జ్ రెకర్స్‌తో కలిసి 1974లో ఒక పత్రం రాశాడు. ఆడపిల్లలా ప్రవర్తిస్తున్నాడని ఒక చిన్న అబ్బాయిని మెచ్చుకోలు, శిక్షల పద్ధతిలో 'సరిచేయడం' గురించి. ఆ అబ్బాయి పెద్దయ్యాక 2003లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఇప్పుడు మన ఇళ్లలో చూడండి. ఆటిజం ఉన్న పిల్లాడు చేతులు ఊపితే "చేతులు దించు" అంటాం, ఆడంగిలా ఊపాడనిపించినా అదే మాట. జెండర్‌నో లైంగికతనో మార్చేస్తామంటూ చేసే కన్వర్షన్ థెరపీ డాక్టర్‌కి వృత్తిపరమైన తప్పు కిందికి వస్తుందని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. కానీ థెరపీ సెంటర్లో పిల్లాడి 'లక్ష్యాల' లిస్టులోకి "మగపిల్లాడిలా నడవాలి" అని చేరిస్తే ఎవరు కనిపెడతారు? తల్లిదండ్రులే, వాళ్లకి కనిపెట్టాలని ఉంటే.

ఆ తల్లిదండ్రుల్ని తిట్టడం మా ఉద్దేశం కాదు. ఆటిజం మాటే తెలియని రోజుల్లో కేజీహెచ్ ఆస్పత్రి ఓపీ వరసల్లో నిలబడి, థెరపీకి అప్పులు చేసి ఈ ఊళ్లో ఉద్యమం లాంటిదేదైనా నిలబెట్టింది వాళ్లే. కానీ పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వేదిక మీద మైకు మాత్రం ఇంకా అమ్మానాన్నల చేతుల్లోనే ఉంది. అటు ట్రాన్స్ వర్గంలో ఇల్లు వెళ్లగొడితే అక్కున చేర్చుకునేది గురువు ఇల్లే. అయితే పదిమంది ఒకే గదిలో, ఎప్పుడూ సందడిగా, చెప్పకుండానే మర్యాదలన్నీ అర్థం చేసుకోవాల్సిన ఆ ఇంట్లో ఆటిజం ఉన్న చేలాకి, అంటే శిష్యురాలికి, ఊపిరాడకపోవచ్చు. మీటింగ్ మధ్యలో లేచి వెళ్లిపోతే పొగరనుకుంటారు. పక్కన ఒక నిశ్శబ్దమైన గది, ముందు రోజే వాట్సాప్‌లో కార్యక్రమం వివరాలు. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఇక సర్కారు సంగతి. ఎవరి జెండర్ వాళ్లే నిర్ణయించుకునే హక్కును 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) కేసు తీర్పులో సుప్రీంకోర్టు గుర్తించింది, ఆటిజం లేనివాళ్లకే అన్న షరతేమీ పెట్టలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాల్లో చేర్చింది. రెండు చట్టాలు, రెండు శాఖలు అనుకుంటాం గానీ దారులు కలిసే చోటు ఒకటుంది, అది మహారాణిపేటలోని కలెక్టరేట్. 2019 చట్టం కింద ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది జిల్లా మేజిస్ట్రేట్ అయిన కలెక్టర్. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం ఉన్న వ్యక్తికి పద్దెనిమిదేళ్లు దాటాక గార్డియన్‌ని నియమించే లోకల్ లెవెల్ కమిటీకి అధ్యక్షుడూ కలెక్టరే. అంటే తన పేరు, జెండర్ మార్చుకుంటానని ఒక మనిషి పెట్టుకున్న దరఖాస్తు, ఆ మనిషికి మేమే గార్డియన్లమని ఇంట్లోవాళ్లు పెట్టిన దరఖాస్తు ఒకే భవనంలో, వేర్వేరు బీరువాల్లో ఉండొచ్చు. రెండోది ముందు కదిలితే మొదటిదాని గతి చెప్పనక్కర్లేదు.

అందుకే కలెక్టర్‌ని మేము అడిగేది చిన్నది. గార్డియన్ దరఖాస్తు వచ్చిన ప్రతిసారీ ఆ వ్యక్తిని ఇంట్లోవాళ్లు లేకుండా, హడావుడి లేని వేళ, విడిగా అడగండి: ఎవరు కావాలి, ఏయే విషయాల్లో కావాలి, ఏ పేరుతో పిలవాలి. మాట రాకపోతే ఫోన్‌లో టైప్ చేసి చూపిస్తారు, బొమ్మల కార్డులు చూపిస్తారు, టైమ్ ఇవ్వండి. ఫారంలో దానికి గడి లేకపోతే వెనక పేజీలో రాయించుకోవచ్చు, అందుకు అమరావతి నుంచి జీవో రానక్కర్లేదు.