చదవొద్దు, దణ్ణం పెట్టండి

కిందటి నెల మా అపార్ట్‌మెంట్ సంఘం తరఫున ఒక పెద్దాయనకు ఇంగ్లీషులో ప్రశంసాపత్రం చేయించడానికి డీటీపీ షాపుకెళ్లాను. నేను నోరు తెరిచేలోపే కుర్రాడు మ్యాటరంతా ఓల్డ్ ఇంగ్లీష్ ఫాంటులోకి మార్చేశాడు. పేరైతే మొత్తం క్యాపిటల్స్.

"బాబూ, పేరు చదవడానికి రావట్లేదు."

"సర్టిఫికెట్ అంటే అట్లనే ఉండాలె సార్."

కుర్రాడు చెప్పిందే నిజం. అర్థమైపోయే కాగితాన్ని మనవాళ్లు గౌరవించరు. డాక్టరు చీటీ చూడండి.

ఈ అక్షరాల గొప్పతనం తెలియాలంటే 'మినిమమ్' అనే మాటను ఇంగ్లీషు స్పెల్లింగులో, దీనికి మూలమైన పాతకాలపు యూరప్ లేఖకుల 'టెక్స్‌టురా' రాతలో చూడాలి. అన్నీ ఒకే ఎత్తున, ఒకే లావున పదిహేను నిలువు గీతలు. మాటలా ఉండదు, జైలు ఊచల్లా ఉంటుంది. ఏ మూడు గీతలు ఎమ్మో, ఏ రెండు ఎన్నో మీ పూర్వజన్మ సుకృతం. 'ఐ' నెత్తిన గుర్తు పెట్టడం మొదలైంది కూడా ఇలాంటి గీతల గుంపులో దాన్ని వెతుక్కోవడానికే. 1455 ప్రాంతంలో మైన్జ్‌లో గుటెన్‌బర్గ్ బైబిలు అచ్చేసినప్పుడు, లేఖకుల చేతిరాతలా కనబడాలని ఈ రూపంలోనే అచ్చులు పోయించాడు. ఇటలీ పండితులకు ఇది నచ్చక 'గోథిక్', అంటే మోటు రాత, అని పేరు పెట్టారు. గోథులకు దీనితో సంబంధమే లేదు పాపం. అప్పటికి వాళ్లు చరిత్రలో కలిసిపోయి శతాబ్దాలైంది.

జర్మన్లు మాత్రం దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పటికీ సినిమాలో నాజీ కాగితం చూపించాలంటే ఈ ఫాంటే వాడతారు. తమాషా ఏమిటంటే దీన్ని పక్కన పెట్టించింది నాజీలే. 1941 జనవరి 3న నాజీ పార్టీ పెద్ద మార్టిన్ బోర్మన్ ఒక సర్క్యులర్ పంపాడు: ఇవి యూదుల అక్షరాలు, ఇక మామూలు రోమన్ లిపే వాడాలి అని. ఆ ఆరోపణ పచ్చి అబద్ధం. అంతకన్నా ముచ్చటైన సంగతి, ఆ సర్క్యులర్ అచ్చయిన లెటర్‌హెడ్ మీద పార్టీ పేరు ఆ అక్షరాల్లోనే ఉంది. పాత స్టాక్ అయిపోవాలి కదా! గవర్నమెంటు ఆఫీసు ఎక్కడైనా ఒకటే.

న్యూయార్క్ టైమ్స్ వాళ్లు కూడా 1967లో తమ పేరు చివర ఫుల్‌స్టాప్ పీకేశారు గానీ, ఈ అక్షరాలను మాత్రం వదల్లేదు. అంతా గీతలే ఉన్నచోట కాస్త చదవడానికి వీలైంది ఆ చుక్క ఒక్కటే అనుకుంటా.

ఇంతకీ మా పెద్దాయన పత్రం. సన్మానం ఘనంగా జరిగింది. ఆయన దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు, వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. మొన్న ఏదో పని మీద కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే, నా దగ్గర ఆ ఫాంటు లేక మామూలు అక్షరాల్లో తెరుచుకుంది. అప్పుడు కనబడింది, ఆయన ఇంటిపేరులో మొదటినుంచే ఒక అక్షరం ఎగిరిపోయి ఉందని.

ఆయన చూసుకోలేదు. నేనూ చెప్పలేదు.