బొమ్మల మిస్టరీ నవల గారికి ఓ విన్నపం

మహారాజశ్రీ పెయింటింగులూ పజిళ్లూ కలగలిపిన పిల్లల మిస్టరీ నవల గారికి,

నమస్కారాలు. 'క్లూ ఈ బొమ్మలోనే ఉంది, దమ్ముంటే కనిపెట్టు' అని సవాలు విసిరారు కదా, నిన్న మధ్యాహ్నం నిద్ర మానుకుని మరీ కూర్చున్నాను. తగిన శాస్తే చేశారు.

హోల్‌బైన్ 1533లో గీసిన 'ది అంబాసిడర్స్' వేశారు. ఎంపికకి వంక పెట్టను. ఇద్దరు పెద్దమనుషులు దర్జాగా నిలబడి ఉంటారు, కింద నేల మీద ఏదో సాగదీసిన మరక, కుడిపక్కకి జరిగి ఏటవాలుగా చూస్తే అదే పుర్రె. ఆ పుర్రె కంటిగుంటలో మీ ఆర్టిస్టు తాళం నంబరు దాచాడట. సరేనని పుస్తకాన్ని చెంపకి ఆనించి, ఒక కన్ను మూసి, మెడ పట్టేసేదాకా చూశాను. పుర్రె ఏదండీ? రెండు పేజీల మీద పరిచిన బొమ్మలో సరిగ్గా దాని నడుమే బైండింగ్ మడతలోకి పోయింది! ఇటు దవడ ముక్క, అటు కాస్త నుదురు. ఇంకొంచెం విప్పుదామని నొక్కితే ఫట్‌మని కాగితం ఊడి చేతికొచ్చింది. కన్ను మాత్రం గమ్ము కిందే ఉండిపోయింది.

అసలు చిత్రం అటూ ఇటూ రెండు మీటర్ల పైనే ఉంటుంది. దాన్ని అరచేతిలో పట్టేంత చేశారు, పోనీలే అనుకున్నాను. కానీ కథంతా ఏ క్లూ మీద నడుస్తోందో దాన్నే కుట్టేస్తారా? పేజీలు కూర్చిన మహానుభావుడు నవల చదివాడా అసలు? పైగా పేజీ తిప్పగానే మీ పదకొండేళ్ల హీరోయిన్ ఆ నంబరు గడగడా చదివేస్తుంది. ఆవిడకి మడత లేని కాపీ ఇచ్చారు కాబోలు.

ఐదేసి గళ్లు అతికించినట్టుండే 12 పెంటోమినో పజిల్ ముక్కల్ని ఆరు బై పది గళ్ల పెట్టెలో సర్దడానికి 2339 దారులున్నా నాకు ఒక్కటీ దొరకదు, మీ బుడతడు మాత్రం ఐస్‌క్రీమ్ కరిగేలోగా సర్దేస్తాడు. 1990లో బోస్టన్‌లోని గార్డ్‌నర్ మ్యూజియంలో పోయిన 13 కళాఖండాలు ఇప్పటికీ దొరకలేదు, ఖాళీ ఫ్రేములే వేలాడుతున్నాయి. మీ పిల్లలైతే సెలవులు అయ్యేలోపు పట్టేస్తారు, డైరెక్టరు గారు చెయ్యి కలిపి మెచ్చుకుంటారు కూడా. వాళ్ల నాన్నలకి ఆఫీసులుండవు, ఎవరూ హోంవర్క్ అడగరు.

ఇదిగో, గౌరవాలు ఇక చాలు. నా మధ్యాహ్నం తిరిగి ఇవ్వలేవు, కనీసం రెండో భాగం ఎప్పుడొస్తుందో చెప్పి చావు. చివరి పేజీలో వేసిన దాని అట్ట బొమ్మ చూశాను. అందులో కొవ్వొత్తి ఎడమవైపుంటే తాళంచెవి నీడ కూడా ఎడమకే పడింది. అది క్లూయేనా, లేక మళ్లీ మీ ప్రెస్సు వాళ్ల నిర్వాకమా?