ఆకుపచ్చ టిక్కు పెట్టిన రౌటర్ గారికి

కర్నూలులో మా హాలు గోడకు వేలాడుతూ పచ్చలైట్లు మిణుకుమనిపించే రౌటర్ గారికి నమస్కారాలు.

నిన్న 20వ తేదీ, జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్నుకు ఆఖరి రోజు. ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి కొట్లో కూర్చుని, మధ్యాహ్నమంతా తమరి దయ కోసం ఎదురుచూశాను. ఆయన ఇన్‌పుట్ క్రెడిట్ లెక్క మన ఇంటి కంప్యూటర్‌లో ఉండిపోయింది. దూరం నుంచి దాన్ని తెరిచే రిమోట్ డెస్క్‌టాప్ నొక్కినప్పుడల్లా ఒకటే జవాబు: అనుమతి ఇచ్చి ఉండరు, కంప్యూటర్ ఆపేసి ఉంటారు, లేదా అది నెట్‌వర్క్‌లో లేదు. మూడు కారణాలు చెప్పింది, మూడూ తప్పే.

మిగతావాళ్లతో నాకు పేచీ లేదు. విండోస్ హోమ్ ఎడిషన్ బయటివారిని రానివ్వదంటే డబ్బు కట్టి ప్రోకి మారాను. మన వైఫైని బస్టాండు వైఫై అనుకుని పబ్లిక్ ముద్ర వేసిన ఫైర్‌వాల్‌కు నచ్చజెప్పి ప్రైవేటు చేయించాను. వాళ్లు కాదనేది ముఖం మీదే అన్నారు.

తమరు మాత్రం సరేనన్నారు. తమరి సెట్టింగుల చిరునామా 192.168.1.1 తెరిచి, బయటి పిలుపును ఇంటి కంప్యూటర్‌కు చేరవేసే పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీలో రిమోట్ డెస్క్‌టాప్ తలుపు నంబరు 3389 నింపి, సేవ్ నొక్కగానే ఆకుపచ్చ టిక్కు పెట్టారు. రాత్రి ఇంటికొచ్చి స్టేటస్ పేజీ చూస్తే తమరి వ్యాన్ చిరునామా, అంటే ఇంటర్నెట్ కంపెనీ తమరికిచ్చిన బయటివైపు చిరునామా, 100.72తో మొదలవుతోంది! 100.64 నుంచి 100.127 వరకు ఉన్నవి బయటి ఇంటర్నెట్ నుంచి చేరగలిగే చిరునామాలే కావు. ఒకే పబ్లిక్ చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచే సీజీనాట్ కోసం 2012లో వాటిని పక్కన పెట్టారు. ఐపీవీ4 అనే పాత చిరునామాల పద్ధతిలో ఉన్నవే 430 కోట్ల లోపు, వాటి కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. సీమవాళ్లం, కరువు గురించి మాకు కొత్తగా చెప్పాలా? కానీ నీళ్లు లేకపోతే లేవంటాం. ఎండిన కుళాయికి ‘వస్తున్నాయి’ అని బోర్డు కట్టం.

ఆ 100.72 నీ కడుపులోనే ఉంది కదా! అసలు గేటు కంపెనీ చేతిలో ఉందని నీకు తెలియదా? ‘ఇది నా వల్ల కాదు’ అని ఒక్క వాక్యం చూపిస్తే నీ సొమ్మేం పోయేది? 2019లో రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే భద్రతా లోపం బయటపడ్డాక 3389ని నేరుగా తెరవవద్దని, ఇంట్లో వీపీఎన్ అనే రక్షిత సొరంగం పెట్టుకోమని పెద్దలు చెబుతారు. మంచి మాటే. ఆ వీపీఎన్‌కూ బయటి నుంచి లోపలికి దారి కావాలి. అదీ నిన్నే అడగాలి. దానికీ నువ్వు టిక్కు పెడతావు!

చివరికి అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని, బిల్లుల అంకెలన్నీ ఫోనులో చదివింది. పైసలతో సహా. నేను రాసుకున్నాను, వ్యాపారి వింటూ కూర్చున్నాడు.

మారని సొంత పబ్లిక్ చిరునామా, అంటే స్టాటిక్ ఐపీ, కావాలంటే నెలనెలా విడిగా కట్టాలని కంపెనీవాళ్లు సెలవిచ్చారు. కడుతున్నాను. ఇంకోసారి ఆ అంకెలు చదవడం తన వల్ల కాదని అమ్మ తేల్చి చెప్పింది మరి.