740 ఏళ్ళ ఇల్లు కాదు, ఫసలీ తెలియని పోస్టు

పోయిన నెల మా చిన్నాయన ఫోన్ చేసి, "అబ్బయా, వాట్సాప్ చూసినావా? మన స్టోన్‌హౌస్‌పేట ఇల్లు తిక్కన ఇల్లంట!" అన్నాడు. గొంతులో అంత సంబరం వినబడుతుంటే వెంటనే కాదనడానికి నోరు రాలేదు. మన ఇల్లు అంటున్నాడు గానీ అది మాది కాదు. ఇరవై ఏళ్ళ పైన బాడుగకు ఉన్న ఇల్లు.

ఆ పోస్టు మీకూ వచ్చే ఉంటుంది. సారాంశం ఇదీ: నెల్లూరులో 740 ఏళ్ళ ఇల్లు ఉంది. గుమ్మం మీద 1285 అని చెక్కారు. తిక్కన సోమయాజి అక్కడే భారతం రాశారు. ఆ రాతి ఇంటి వల్లే పేటకు స్టోన్‌హౌస్‌ అనే పేరు వచ్చింది. 1865లో ఇంగ్లీషు వాళ్ళు పైకప్పు మార్చారు, పెంకుల మీద ఆ అంకె ఉంది. పొట్టి శ్రీరాములు గారు 58 రోజుల దీక్ష ఆ ఇంట్లోనే చేశారు. పెరట్లో నుంచి ఉదయగిరి కోటకు సొరంగం ఉంది. ఏడు తరాలుగా ఒకే జమీందారీ వంశం అందులో కాపురం ఉంటోంది. చివర్లో "నెల్లూరోడివైతే షేర్ చెయ్యి" అని ఒక బెదిరింపు.

నేనూ నెల్లూరోడినే కాబట్టి, షేర్ చెయ్యకుండా జవాబు రాస్తున్నాను.

ముందు ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి. ఒకే వరసలో నాలుగు మిద్దెలు, ఒకదానికొకటి ఆనుకుని, మధ్యలో ఉమ్మడి గోడలు. మేము ఉన్నది మూడోది. వెడల్పు పన్నెండు అడుగులు ఉంటే గొప్ప. లోతు మాత్రం రైలు పెట్టెలా పోతూనే ఉంటుంది: వీధి అరుగు, నడవ, నడిమి గది, వంటిల్లు, పెరడు, బావి. వీధి తలుపు, పెరటి తలుపు రెండూ తీసి పెడితే గాలి ఈ చివర నుంచి ఆ చివరకు కొడుతుంది. ఒకటి మూసినా ఉడికిపోవాల్సిందే.

ఇక 1285 సంగతి. గుమ్మం పైకమ్మీ మీద ఆ అంకె ఉన్న మాట నిజమే, తెలుగు అంకెల్లో ౧౨౮౫ అని. కానీ పోస్టులోని ఫోటోను సరిగ్గా అంకె దగ్గర కత్తిరించారు. మొన్న నేను స్టూలు వేసుకుని ఎక్కి, తడిగుడ్డతో తుడిచి చూశాను. అంకె పక్కన చిన్న 'ఫ' ఉంది. ఏటేటా సంక్రాంతికి పూసిన రంగులు దాని పొట్టలో నిండి, సున్నాలా కనిపిస్తోంది. ఎడమ పక్కన "యువ సం. మాఘ శు." అని, అంటే యువ నామ సంవత్సరం మాఘ శుద్ధం అని ఉంది, ఆ తర్వాతి తిథి చెదలు తినేసింది.

ఆ 'ఫ' అంటే ఫసలీ, శిస్తు లెక్కలకు వాడే సంవత్సరం. పొలం ఉన్నవాళ్ళకు ఈ మాట కొత్త కాదు. మొన్నటి అడంగల్, అదే పొలం పంట లెక్కల కాగితం, తీసి చూడండి, 1434 అనో 1435 అనో ఉంటుంది. అంటే మనం పదిహేనో శతాబ్దంలో వరి వేస్తున్నామని కాదు కదా. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జూలై 1న మొదలై జూన్ 30కి ముగుస్తుంది. ఫసలీ 1285 అంటే 1875 జూలై నుంచి 1876 జూన్ దాకా.

'ఫ' కాదు, అది సున్నానే అని వాదించేవాళ్ళు ఉంటారని తెలుసు. వాళ్ళకోసం 'యువ' ఉంది. 1285ను క్రీస్తు శకం అనుకుంటే ఆ ఏడు పార్థివ. శాలివాహన శకం అనుకుంటే అది ఇంగ్లీషు లెక్కలో 1363 అవుతుంది, అప్పుడు శోభకృతు. ఫసలీ అనుకుంటే మాత్రం 1875-76, యువనామ సంవత్సరం. మూడు తాళాల్లో ఈ చెవి ఒక్కదానికే పడుతోంది. మాఘం కాబట్టి 1876 తొలి నెలల్లో గుమ్మం ఎత్తి ఉంటారు. ఆ తర్వాతి ఏడు ధాత, మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేసిన పెద్ద కరువు మొదలైన ఏడు. అంత దగ్గరలో చరిత్ర పెట్టుకుని తిక్కన దాకా పోవడం ఎందుకో నాకు అర్థం కాదు. పైగా తిక్కన కాలంలో మనవాళ్ళు శాసనాలు శక సంవత్సరాల్లో వేయించేవాళ్ళు. క్రీస్తు శకం లెక్కలో గుమ్మం చెక్కించుకునే పని అప్పుడు ఇక్కడ ఎవరికీ లేదు.

తిక్కన నెల్లూరులో ఉన్నది, మనుమసిద్ధి కొలువులో ఉన్నది, విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు తెలుగు చేసింది అంతా నిజం. దానికి మా పన్నెండడుగుల మిద్దె సాక్ష్యం అక్కర్లేదు.

రాతి ఇల్లు కాబట్టి స్టోన్‌హౌస్‌పేట అన్న మాటకు నేను నవ్వాపుకోలేకపోయాను. స్టోన్‌హౌస్ అనేది మనిషి పేరు. టి. వి. స్టోన్‌హౌస్ అని కుంపిణీ కాలంలో నెల్లూరుకు కలెక్టరుగా చేసిన దొర. 1801లో ఆర్కాటు నవాబు నుంచి ఈ సీమ కుంపిణీ చేతికి వచ్చింది, ఆ తర్వాత వచ్చిన కలెక్టర్లలో ఈయన ఒకరు. ఆయన పేరు మీద పేట. ఇల్లు చూసి మనవాళ్ళే పేరు పెట్టి ఉంటే రాతిమిద్దెల పేట అనేవాళ్ళు గానీ, ఇంగ్లీషులోకి మార్చి పెట్టుకునేవాళ్ళా? ఇంకో మాట, ఆ ఇంట్లో రాయి ఉన్నదల్లా అరుగు మీద పరిచిన కడప బండలు, గడప, బావి ఒరలోనే. గోడలు ఇటుకవి. పలచటి చిన్న ఇటుకలు, మధ్యలో ఎద్దుతో గానుగ ఆడించిన సున్నం. మేకు కొడితే వంగుతుంది గానీ దిగదు. మా నాన్న క్యాలెండరు తగిలించడానికి పడిన పాట్లు నాకు ఇప్పటికీ గుర్తు.

పెంకుల మీద 1865 ఉన్న మాట కూడా నిజమే. వీధి వైపు గదులకు దూలాలు, దంతెలు, వాటి మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నం వేసిన మద్రాసు మిద్దె. వెనక వంటింటికి మాత్రం మంగళూరు పెంకులు. వానాకాలంలో జారిపడిన పెంకు ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో పూలకుండీ కింద ఉంది. దాని వీపు మీద బాసెల్ మిషన్ టైల్ వర్క్స్ అని ఇంగ్లీషులో అచ్చు, కింద 1865. అది పెంకు కాల్చిన ఏడు కాదు, మంగళూరులో ఆ మిషన్ వాళ్ళు ఫ్యాక్టరీ పెట్టిన ఏడు. తర్వాత దశాబ్దాల పాటు తయారైన పెంకుల మీదా అదే అంకె పడుతూ వచ్చింది. స్వీట్ల దుకాణం డబ్బా మీద స్థాపితం అని ఏదో సంవత్సరం ఉంటుంది, లోపలి మైసూర్‌పాక్ ఆ ఏటిది అనుకుని ఎవరైనా పారేస్తారా? అయినా 1876లో గుమ్మం ఎత్తిన ఇంటికి 1865లో కప్పు మార్చడం ఎలా కుదురుతుంది? పోస్టు రాసినాయన 1285ను ఫసలీగా చదివి ఉంటే ఈ ముక్క రాసేవాడు కాదు.

పొట్టి శ్రీరాములు గారి విషయంలో మాత్రం నవ్వు రాలేదు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం ఆయన దీక్ష మొదలుపెట్టింది 1952 అక్టోబర్ 19న, మద్రాసులో, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో. డిసెంబర్ 15 రాత్రి ప్రాణం పోయింది కూడా అక్కడే. ఇది బడి పుస్తకాల్లో ఉన్న సంగతి. నెల్లూరులో ఆయన దీక్ష చేశారు, అది వేరే. 1946లో మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని చేసిన దీక్ష. ఊళ్ళో వాళ్ళతోనే, ఊళ్ళో గుడి కోసమే పెట్టుకున్న పోరాటం అది. నెల్లూరు పేరు చెప్పి షేర్ చెయ్యమనే పోస్టులో ఉండాల్సిన ముక్క అదే. అది వదిలేసి, మద్రాసు దీక్షను తెచ్చి మా నడిమి గదిలో కూర్చోబెట్టారు.

సొరంగానికి వస్తాను. నెల్లూరు నుంచి ఉదయగిరి దాదాపు వంద కిలోమీటర్లు. బస్సులో పోతేనే నడుం పడిపోతుంది. పెన్న పక్కన ఊరు మాది, పెరట్లో నాలుగు నిలువులు తవ్వితే నీళ్ళు. అందులో సొరంగం తవ్వితే దాన్ని బావి అంటారు.

నిజానికి అది బావే. పోస్టులో 'సొరంగ ద్వారం' అని ఎర్ర గీత చుట్టిన కమాను మా పెరటి గోడలోది. మా ఇంటికీ రెండో ఇంటికీ కలిపి ఒకటే బావి ఉండేది. బావి నడుమ మీదుగా ఉమ్మడి గోడ పోతుంది. గోడ బరువు బావి మీద పడకుండా అక్కడ కమాను కట్టారు. అటు సగం వాళ్ళది, ఇటు సగం మాది. ఇద్దరికీ ఇత్తడి చెంబు చప్పుడు వినబడేది, మనుషులు మాత్రం కనబడేవాళ్ళు కాదు. మా నాయనమ్మ, పక్కింటి అవ్వ తెల్లవారుజామున నీళ్ళు తోడుకుంటూ కమాను కింద నుంచే ఊరి సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్ళు. ఇద్దరికీ మాటలు లేని రోజుల్లో కూడా, ఒకరు చేద వేస్తే ఒకరు ఆగేవాళ్ళు, లేకపోతే తాళ్ళు మెలిపడతాయి. కుళాయిలు వచ్చాక బావి పూడ్చి బండలు పరిచారు. కమాను పైభాగం మాత్రం నేల మీద రెండడుగులు మిగిలింది. ఎవరైనా వంగి చూస్తే చీకటి గుహలాగే ఉంటుంది, తప్పు పట్టను. కానీ అక్కడి రాతి అంచు మీద చెయ్యి పెట్టి చూడండి. వేలు పట్టేంత లోతుగా గాడులు పడి ఉంటాయి, నున్నగా. తాడు ఒరిపిడికి పడినవి. సొరంగంలో పారిపోయే రాజులు చేద వెంట తీసుకుపోరు.

ఇక ఏడు తరాల జమీందారీ వంశం. అసలు నన్ను కూర్చోబెట్టి ఇదంతా రాయించింది ఈ ముక్క.

ఇల్లు ఎవరి చేతుల్లో నడిచిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు, విసుగంతే. 1983 తర్వాతి ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం, అయితే కంప్యూటర్‌లో వస్తుంది. అంతకుముందుదైతే రిజిస్ట్రార్ ఆఫీసులో చలానా కట్టి, పాత పుస్తకాలు వెతికించి, దస్తావేజు నకళ్ళు తీయించుకోవాలి. మా నాన్న ఒకప్పుడు ఆ ఇల్లు కొందామనుకుని ఇదంతా చేశాడు. డబ్బు కుదరలేదు, నకళ్ళు మిగిలాయి. వాటి ప్రకారం కట్టించింది ధాన్యం వ్యాపారి. కొడుకులు నాలుగు మిద్దెలూ పంచుకుంటే మూడోది చిన్న కొడుక్కి వచ్చింది. అతను అభ్రకం వ్యాపారికి అమ్మాడు. ఆయన తనఖా పెట్టి విడిపించుకోలేక, అప్పు ఇచ్చిన ఒక విధవరాలికే రాసిచ్చాడు. ఆమె దగ్గర కొన్నది ఇప్పటి ఓనరు గారి తండ్రి. ఐదు చేతులు. ఎక్కడా జమీందారు అన్న మాట లేదు, హద్దుల్లో మాత్రం ప్రతిసారీ "ఉత్తరం, దక్షిణం ఉమ్మడి గోడలు" అని ఉంది.

ఆ ఐదు చేతుల్లో చివరి మూడు అందులో ఒక్క రాత్రి కూడా పడుకున్నట్టు లేదు. ఉన్నదంతా బాడుగ వాళ్ళు. మా నాయనమ్మ చెప్పగా విన్న వరస ఇది: వకీలు దగ్గర గుమాస్తా, రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసే అరవాయన, మిషన్ ఆసుపత్రి నర్సమ్మ, టైలర్ సాహెబు గారి కుటుంబం, ఏడాదిన్నర పాటు వీఆర్ కాలేజీ కుర్రాళ్ళు నలుగురు, ఆ తర్వాత మేము. నడిమి గదిలో గోడ గూడు ఒకటి ఉంది, మూరెడు ఎత్తు. గుమాస్తా అందులో దేవుణ్ణి పెట్టుకున్నాడు, నర్సమ్మ బైబిలూ టించర్ సీసాలూ, సాహెబు గారు ఖురాను. కుర్రాళ్ళు కిరసనాయిలు స్టవ్వు పెట్టి గూడు నెత్తి నల్లగా మాడ్చేశారు. మేము రేడియో పెట్టాం. ఎన్ని సున్నాలు కొట్టించినా ఆ మసి పైకి తేలుతూనే ఉండేది, ప్రతి ఉగాదికీ నాయనమ్మ ఆ పిల్లకాయల్ని తిట్టేది.

వీధి తలుపు పక్కన మలేరియా వాళ్ళు డీడీటీ కొట్టి వేసుకుపోయిన తేదీలు, జనాభా లెక్కల వాళ్ళ నంబర్లు ఒకదాని మీద ఒకటి ఉండేవి. పోస్టు చూసి జనం వస్తున్నారని ఓనరు గారు వాటి మీద పెయింట్ కొట్టించి, 'తిక్కన నిలయం' అని బోర్డు పెట్టారు. ఇంకో మాట: పోస్టులోని నాలుగు ఫోటోల్లో మూడోది, ఆ నున్నటి టేకు స్తంభాల లోగిలి, మా పేటది కానే కాదు. చెట్టినాడు ఇళ్ళ బొమ్మ. పన్నెండడుగుల్లో అన్ని స్తంభాలు పడితే మనుషులు ఎటు నడుస్తారు?

ఇదంతా చిన్నాయనకు ఫోన్‌లో చదివి వినిపించాను. తిక్కన దగ్గర "అట్నా" అన్నాడు, పెంకుల దగ్గర ఏమీ అనలేదు. బావి దగ్గరకు వచ్చేసరికి ఆపమన్నాడు.

"ఒరే, ఆ బావిలో మీ నాయనమ్మ ఇత్తడి బిందె పడింది. పాతాళగరిగె వేసినా అందలా. పూడ్చేటప్పుడు పక్కింటోళ్ళు పైకి తీశారేమో, ఈసారి పొయినప్పుడు కనుక్కో."