వాగ్దాన కార్డు గారికి: మీ ‘యెడల’ ఎక్కడ పారేశారు?

గుంటూరు,
జనవరి మొదటి వారం.

ప్రభువునందు ప్రియమైన వాగ్దాన కార్డు గారికి,

మన రక్షకుడైన యేసుక్రీస్తు నామమున శుభములు. ఒక్కో బైబిలు వచనాన్ని దేవుని వాగ్దానంగా మోసుకుని, కొత్త సంవత్సరం పూట విశ్వాసుల చేతికొచ్చే చిన్న కార్డు మీరు. క్షేమమేనా అని అడగక్కర్లేదు. ఫోను కవర్ల వెనక, బీరువా అద్దాల మూలన, షాపుల్లో గల్లాపెట్టె మూత లోపల, పొద్దున లేచి చూస్తే స్టేటస్సుల్లో, ఎక్కడ చూసినా మీరే. లామినేషను మెరుపు కూడా చెక్కుచెదరలేదు. ఇంకా జనవరే కదా.

మొన్న డిసెంబరు 31 రాత్రి మీ దర్శనం కోసం కట్టిన లైను చర్చి మెట్లు దిగి రోడ్డెక్కింది. స్టీలు పళ్లెంలో మిమ్మల్ని బోర్లా పరిచారు. మనిషికి ఒకటి తీసుకుని వెళ్లడానికి పది నిమిషాలు చాలు. గంటన్నర పట్టింది. తీయడానికి కాదండీ, మార్చుకోవడానికి. కళ్లు మూసుకుని, ప్రభువా నీ చిత్తమే అని ప్రార్థించి ఒకటి తీయడం, కళ్లు తెరిచి చదివి, పాస్టరుతో “అయ్యగారూ, ఇంకోటి తీసుకోనా?” అనడం. చివరికి పళ్లెంలో ఒక్క కార్డు మిగిలింది. తీసిన ప్రతివాళ్లూ మళ్లీ దాన్ని అక్కడే పెట్టి పోయారు. యోహాను 14:15. “మీరు నన్ను ప్రేమించినయెడల నా ఆజ్ఞలను గైకొందురు.”

ఇందులో వాగ్దానం ఏముందండీ అన్నారట ఎవరో. పక్క వచనంలోనే ఉంది, వేరొక ఆదరణకర్తను పంపుతానని. పుస్తకం తెరిస్తే కదా.

సరే, తప్పు తీసినవాళ్లది మాత్రమే కాదు. ముందు మీ పుట్టుక సంగతి మాట్లాడుకుందాం. నవంబరులో డీటీపీ కుర్రాడి దగ్గర మీరు రూపం దాలుస్తారు. మూడున్నర అంగుళాల వెడల్పు, రెండు అంగుళాల ఎత్తు, మూడు వందల జీఎస్ఎం దళసరి ఆర్టు కార్డు, పన్నెండు బై పద్దెనిమిది షీటుకు ఇరవైనాలుగు పిల్లలు. ఎడమ పక్క ఒక అంగుళం అయ్యగారూ అమ్మగారూ నవ్వుతూ ఉన్న ఫొటోకు. పైన అర అంగుళం సంఘం పేరుకు. కింద పావు అంగుళం ఫోను నంబరుకూ యూట్యూబు చానలుకూ. అక్షరాల వెనకాల సూర్యోదయం, రెండు పావురాలు. ఇవన్నీ పోగా దేవుని మాటకు మిగిలేది రెండున్నర అంగుళాల వెడల్పు, అంగుళంపావు ఎత్తు. పద్నాలుగు పాయింట్ల అక్షరం పెట్టి, వత్తులు కింద వరుసకు తగలకుండా ఎడం వదిలితే నాలుగు వరుసలు. వరుసకు మూడు మాటలు. వెరసి పన్నెండు మాటలు.

ద్వితీయోపదేశకాండము 28:13, 14 పన్నెండు మాటల్లో ఇమడవు. దాంతో కత్తెర. ఫొటోకు కత్తెర పెట్టలేరు కదా, వచనానికి పెట్టారు.

ఇక్కడే మన తెలుగు మీకు మహోపకారం చేసింది. తెలుగు బైబిల్లో ‘యెడల’ అన్న షరతు ముందొస్తుంది, ఫలితం వెనకొస్తుంది. “ఇది చేసినయెడల అది కలుగును.” ముందు సగం కోసి పారేసినా వెనక సగం కుంటకుండా, ఏ మచ్చా లేకుండా, నిండు వాక్యంలా నిలబడుతుంది. “యెహోవా నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు.” చూడండి, ఎంత ముద్దుగా ఉందో! దేవుడైన యెహోవా ఆజ్ఞలను విని, వాటి ప్రకారం నడుచుకుంటే అన్న ముక్క ఉండేదని చదివినవాడికి అనుమానం కూడా రాదు. కుడికిగాని ఎడమకుగాని తొలగకుండా అన్న ముక్కా ఎగిరిపోయింది.

ఒక్కదానితో ఆగారా? “నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే” అని గుంటూరు కొత్తపేటలోనూ విజయవాడ సూర్యారావుపేటలోనూ రోగుల చేతుల్లో కనిపిస్తారు. నిర్గమకాండము 15:26 అది. అదే వచనంలో ముందు నాలుగు షరతులున్నాయి: ఆయన వాక్కును శ్రద్ధగా వినాలి, ఆయన దృష్టికి న్యాయమైనది చేయాలి, ఆజ్ఞలకు విధేయులు కావాలి, కట్టడలు అనుసరించాలి. నాలుగూ మీ కత్తెరకే బలి. “మీకేది యిష్టమో అడుగుడి” అన్నారు, బాగానే ఉంది. యోహాను 15:7లో దానికి ముందు ఆయనయందు మనమూ, మనయందు ఆయన మాటలూ నిలిచి ఉంటేనన్న మాట ఉంది. “భూమియొక్క మంచిపదార్థములను అనుభవింతురు” అన్నారు, స్థలాల బ్రోకర్లకు ఇది మహా ఇష్టం. యెషయా 1:19లో సమ్మతించి మాట వింటేనే ఆ మంచిపదార్థాలు. 20వ వచనంలో, వినకపోతే కత్తి.

యిర్మీయా 29:11 సంగతి వేరు. అక్కడ మీరు కోసింది సంవత్సరాలు. సమాధానకరమైన ఉద్దేశాలు, హానికరమైనవి కావు, నిరీక్షణ, అన్నీ వేశారు. పదో వచనంలో ఉన్న బబులోనులో డెబ్బయి సంవత్సరాల మాట వేయలేదు. ఏడాదికి ఒక కార్డు చొప్పున చెల్లుబాటయ్యే తమరికి డెబ్బయి ఏళ్లు ఎక్కడ పడతాయి లెండి.

ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయంలో మొత్తం 68 వచనాలు. దీవెనలు మొదటి 14. 15 నుంచి చివరిదాకా 54 వచనాలు, మాట వినకపోతే ఏమవుతుందో. అందులో 44వది ఎప్పుడైనా అచ్చేశారా? అక్కడ తల ఇంకొకడు, తోక నువ్వు. అదే అధ్యాయం, అదే తల, అదే తోక. పావురాలు పెట్టి అచ్చేస్తే ఎవరైనా తీస్తారేమో చూడు!

క్షమించాలి, నోరు జారి ఏకవచనం వచ్చింది. రానివ్వండి, ఇక ఆగేట్టు లేదు.

ఎందుకింత కోపమంటావా? ఆ ‘యెడల’ వ్యాకరణం కాదు కాబట్టి. సిలువకు ముందు రాత్రి, శిష్యుల కాళ్లు కడిగి తుడిచాక, యేసు ఆ మాట ఒక్కసారి అని ఊరుకోలేదు. యోహాను 14:15, 14:21, 14:23, మళ్లీ 15:10. ఒకే రాత్రి, ఒకే సంగతి, తిప్పి తిప్పి. 15:14లో స్నేహాన్నీ దానికే ముడిపెట్టాడు, నేను ఆజ్ఞాపించినవి చేస్తే మీరు నా స్నేహితులని. ఆ తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున పేతురును నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. ప్రేమిస్తున్నానన్న ప్రతిసారీ ఆయన ఇచ్చిన జవాబు ఒక పని: గొఱ్ఱెలను మేపు. అక్కడ పేతురు చేతిలో పళ్లెం పెట్టి కార్డు తీసుకోమనలేదు.

నువ్విప్పుడు ఎఫెసీ 2:8 చూపిస్తావు, నాకు తెలుసు. కృపచేతనే రక్షణ, క్రియల వల్ల కాదు, నిజమే. రెండు వచనాలు కిందికి దిగు, పదోది చదువు, సత్క్రియలు చేయడానికే మనం సృష్టించబడ్డామని ఉంటుంది. అసలు యోహాను 14:15లో తెలుగు ఎంత అందంగా ఉందో గమనించావా? “గైకొనుడి”, అంటే పాటించండి అని లేదు. “గైకొందురు”, అంటే పాటిస్తారు అని ఉంది. అది ప్రేమకు చెల్లించే ధర కాదు, ప్రేమ ఉందనడానికి గుర్తు. జ్వరం ఉంటే ఒళ్లు కాలుతుంది. ఒళ్లు కాలమని ఎవరూ ఆజ్ఞాపించక్కర్లేదు. ఒళ్లు చల్లగా ఉండి, నాకు నూటనాలుగు జ్వరం అని కార్డు చూపిస్తే మాత్రం ఎవరు నమ్ముతారు? భారం అనుకునేవాళ్లకు 1 యోహాను 5:3 ఉంది, ఆయన ఆజ్ఞలు భారమైనవి కావని.

మరి గైకొనడం ఎలా ఉంటుందో చెబుతా విను, మన ఊళ్ల లెక్కలోనే. మిరపకోతలు మొదలవుతున్నాయి. కాయ కోసిన మనిషి కూలి కాయ అమ్మాక కాదు, కోసిన రోజు చేతిలో పడాలి. లేవీయకాండము 19:13 మరునాటి దాకా ఉంచుకోవద్దంది. యాకోబు 5:4లో బిగపట్టిన కూలి దానంతట అదే మొఱ్ఱపెడుతుంది. సిరి అచ్చి రావాలని ఫోను వెనక నిన్ను పెట్టుకుని, అదే ఫోను కూలివాళ్లు చేస్తే ఎత్తని ‘తల’లు ఎంతమందో. తాలుకాయ అడుగున, ఎర్రకాయ పైన పోసి టిక్కీ బస్తా కట్టకపోవడం గైకొనడం. కాటా దగ్గర చెయ్యి తేలికవకపోవడం గైకొనడం. సామెతలు 11:1, దొంగత్రాసు ఆయనకు హేయం. ఈ వచనం పది మాటలు కూడా లేదు, నీ అంగుళంపావులో సుఖంగా పడుతుంది. ఇంతవరకూ ఎందుకు పడలేదు?

గట్టు తగాదాలో తమ్ముడితో మాట్లాడటం మానేసినవాడు కానుక సంచి దగ్గర ఏం చేయాలో మత్తయి 5:23, 24లో వరసగా ఉంది: అర్పణ అక్కడే వదిలెయ్, వెళ్లు, సమాధానపడు, వచ్చి అప్పుడు అర్పించు. ముందు కానుక వేసి తర్వాత చూద్దాం అన్న వరస ఎక్కడా లేదు. కట్నాన్ని లాంఛనాలని పిలిచినంత మాత్రాన 1961 నాటి చట్టమూ ఊరుకోదు, ఆజ్ఞ ఇచ్చినవాడూ ఊరుకోడు. సంబంధాల ప్రకటనలో ‘క్రైస్తవులు’ అని రాసి, కామా పెట్టి, కులం పేరు రాసేవాళ్లకు వేరే ఉత్తరం రాయాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు నాలుగు బాక్సులు పెట్టి పొరుగువాణ్ని ప్రేమించమని చెప్పే మైకుకు ఇంకోటి. ‘యేసే నా కాపరి’ అని వెనకద్దం మీద రాసుకుని బెంజి సర్కిల్లో ఎర్రదీపం దూకే కారుకు ఉత్తరం దేనికి, చలానా చాలు.

నీ వంశం మంచిదేరా, అదే బాధ. 1728లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో జింజెండార్ఫ్ అనే క్రైస్తవ నాయకుడు తన సంఘానికి రోజుకో వచనం ఇవ్వడం మొదలుపెట్టాడు. 1731 నుంచి అవి ఏటా పుస్తకంగా వస్తున్నాయి. పాత నిబంధన వచనాన్ని అక్కడ ఇప్పటికీ చీటీ తీసే ఎంచుతారు. దానికి వాళ్లు పెట్టిన పేరు లోజుంగ్. అంటే కాపలా సిపాయిలు ఒకరినొకరు గుర్తుపట్టడానికి వాడే సంకేత పదం. డ్యూటీ ఎక్కేవాడికి ఇచ్చే మాట అది, లాటరీలో తగిలిన బహుమతి కాదు. 1755లో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ లండనులో నిబంధన ఆరాధన పెట్టాడు. తర్వాత అది మెథడిస్టులకు కొత్త సంవత్సరపు ఆనవాయితీ అయింది. ఆ ఆరాధనలో మాట ఇచ్చేది మనిషి. ఇకమీదట నేను నా సొత్తు కాదు, నీ సొత్తు, ఎక్కడ పెడితే అక్కడ ఉంటానని దేవుడికి చెబుతాడు. అంటే కొత్త సంవత్సరం పూట మనం చేయాల్సిన వాగ్దానమూ ఒకటుంది. మనం మన వంతు ఎగ్గొట్టి, అవతలి వంతు లామినేషను చేయించుకున్నాం.

అయినా నిన్ను చింపెయ్యమని మాత్రం అనలేను. జనరలాసుపత్రిలో దిండు కింద నిన్ను పెట్టుకుని పడుకునేవాళ్లున్నారు. చదవడం రాని ముసలమ్మలు మనవడితో చదివించుకుని, రేషను కార్డుతో కలిపి చీర కొంగులో ముడేసుకుంటారు. వాళ్లలో చాలామందికి ‘యెడల’ అచ్చులో అక్కర్లేదు. వారం కూలిలో మొదటి నోటు తీసి పక్కన పెట్టేది వాళ్లే, ఇంటి ముందుకు వచ్చినవాడికి ఇంత కూర వేసి పంపేదీ వాళ్లే. వాళ్ల చేతుల్లో నువ్వు అసలు సిసలు కార్డువి. ఒప్పుకుంటున్నా.

కాబట్టి ఈ ఏడాదికి నిన్ను దగ్గర పెట్టుకున్నవాళ్లు చేయగలిగింది ఒకటుంది. వచనం కింద ఉన్న అంకె పట్టుకుని పుస్తకం తెరవాలి. పది వచనాలు పైకి, అయిదు కిందికి చదవాలి. ‘యెడల’, ‘కాబట్టి’, ‘అప్పుడు’ అన్న మాటలు ఎక్కడున్నాయో చూడాలి. ఆ మాట ఎవరు ఎవరితో అన్నారో చూడాలి. దొరికిన షరతు కార్డు వెనక రాయాలి. నిగనిగలాడే లామినేషను మీద బాల్ పెన్ను ఎక్కదు, జారిపోతుంది. సీడీల మీద రాసే మార్కరైతే నిలుస్తుంది. వచ్చే నవంబరులో ఆర్డరిచ్చే పెద్దలు వెనక వైపు లామినేషను వద్దని ఒక్క మాట చెబితే ఆ మార్కరు ఖర్చూ ఉండదు. ఫొటో తీసేయమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, పోనీ సగానికి తగ్గించండి. దేవుని మాటకు ఇంకొంచెం చోటు దొరుకుతుంది.

ఇట్లు,
మీ లైనులో గంటన్నర నిలబడిన ఒక విశ్వాసి.

తా.క. ఆ మిగిలిపోయిన యోహాను 14:15 కార్డు ఇంకా ఆ పళ్లెంలోనే ఉందట, కానుక పెట్టె పక్కన. లెక్కపెట్టాను. మొత్తం ఆరు మాటలు. ఫొటో, ఫోను నంబరు, రెండు పావురాలు అన్నీ ఉంచినా ఇంకా రెండు వరుసలు ఖాళీ.